ఆరో డిస్కులో మిగిలిన చోటు

ఆ వేసవిలో ముక్కూమొహం తెలియని మనుషులు ఫోను చేసి నా మోకాలి నొప్పి ఎలా ఉందని అడగడం మొదలుపెట్టారు. నా మోకాలు నొప్పి పుట్టి అప్పటికి ఆరేళ్లు, తగ్గి నాలుగేళ్లు. కట్టుకున్న మా ఆయనకే గుర్తులేని సంగతి అది.

నేను పనిచేసేది చూపు లేనివాళ్ల లైబ్రరీలో. అక్కడ పుస్తకాలను గట్టిగా చదివి, డిస్కుల్లోకి ఎక్కించి, పోస్టులో ఇళ్లకు పంపుతారు. విన్నవాళ్లు తిరిగి పోస్టు చేస్తారు. నా చోటు డిస్పాచ్ గది. గోడంతా డిస్కుల అరలు, మధ్యలో ఒక పెద్ద బల్ల, బల్ల మీద గుడ్డ సంచులు. ప్రతి సంచికీ ఒక అట్టముక్క ఉంటుంది. దాని మీద ఒకవైపు వినేవాళ్ల చిరునామా, రెండోవైపు మాది. వినడం అయిపోగానే అట్టను తిరగేసి పోస్టుడబ్బాలో వేస్తే చాలు, సంచి మా బల్ల మీదికి వచ్చి వాలుతుంది. వచ్చిన ప్రతి డిస్కునూ మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి. గుండ్రంగా తుడిస్తే గీతలు పడతాయి. తుడిచాక మొదటి రెండు నిమిషాలు పెట్టి చూసి అరలో పెట్టేయడమే. చివరిదాకా వినే తీరికా మాకు లేదు, వినమన్నవాళ్లూ లేరు.

ఇక మా అత్తయ్య ఆ లైబ్రరీకి గొంతు. ఇరవై రెండేళ్లలో నూట నలభై పుస్తకాలు చదివింది. ఆవిడ చదువుతుంటే కిటికీ పక్కన కూర్చుని మనకోసమే చెబుతున్నట్టు ఉంటుందని అందరూ అనేవారు. నేను తల ఊపేదాన్ని. ఆ గొంతు మా ఇంటి గుమ్మం దగ్గర చెప్పులతో పాటే ఆగిపోయేదని వాళ్లకెలా చెప్పను? ఇంట్లో ఆవిడ మాటల దగ్గర పరమ పిసినారి. తిన్నావా, తలుపు వేశావా, వాడొచ్చాడా. రోజు మొత్తంలో ఈ మూడూ దాటిందంటే ఏదో విశేషం ఉన్నట్టే. ఈ ఉద్యోగం నాకు చూసిపెట్టింది కూడా ఆవిడే. అదీ రెండు ముక్కల్లో: “డిస్పాచ్‌లో మనిషి కావాలట. వెళ్తావా.”

దాచడం దేనికి, ఆవిడ మీద నాకు కోపం ఉండేది. అప్పటికి పదకొండేళ్ల కిందట ఏడో నెలలో నా బిడ్డ పోయింది. నాకు మెలకువ వచ్చేసరికే అంతా అయిపోయింది, మొహమైనా చూపించలేదు. నన్ను ఇంటికి తెచ్చిన మూడో రోజు పొద్దున్నే అత్తయ్య చీర మార్చుకుని, సంచి భుజాన వేసుకుని, పుస్తకం చదవడానికి వెళ్లిపోయింది. నేను గోడవైపు తిరిగి పడుకుని ఆ చెప్పుల చప్పుడు మెట్లు దిగేదాకా విన్నాను. ఓదార్పు కాదు సరికదా, తిట్టు కూడా కాదు, ఒక్కటంటే ఒక్క మాట అనలేదు. ఊళ్లోవాళ్లకు పుస్తకాలు చదివిపెట్టే నోటికి ఇంట్లో మనిషితో మాట్లాడే తీరిక లేదా అనుకున్నాను. పైకి అనలేదు. మనసులో పెట్టుకోవడంలో నేనూ ఏం తక్కువ తినలేదు.

వేసవి మొదట్లో హెడ్డాఫీసు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. మంచి మర్యాదస్తుడు, కానీ డిస్కును మాత్రం చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకునేవాడు. ఇక సంచులూ పోస్టూ ఉండవన్నాడు. పుస్తకాలన్నీ ఫోన్లోకి వెళ్తాయి, వినేవాళ్లు పుస్తకం పేరు పలికితే చాలు, అదే మొదలవుతుంది. గీతలు పడవు, అరగవు, వెయ్యిమంది ఒకేసారి ఒకే పుస్తకం వినొచ్చు. వంక పెడదామని చాలా ప్రయత్నించాను, దొరకలేదు. పన్నెండు రోజులు పోస్టు కోసం ఎదురుచూసే మనిషికి పన్నెండు సెకన్లలో పుస్తకం వస్తుందంటే ఎలా కాదంటాం?

ఒక్కటే షరతు. చదివినవాళ్లు ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. వేసవి చివరికి డిస్కులన్నీ పిండి చేసే మిషనుకు వెళ్లిపోతాయి. సంతకం పెట్టనివాళ్ల పుస్తకాలను కంప్యూటరు గొంతు చదువుతుంది. ఆ గొంతు ఎలా ఉంటుందో ఒక కథ పెట్టి వినిపించాడు. అది కామా దగ్గరా, కథలో మనిషి చచ్చిపోయిన దగ్గరా ఒకేలా ఆగింది.

మిగతా చదివేవాళ్లంతా వారంలో సంతకాలు పెట్టేశారు. అత్తయ్య కాగితం చదివి, మడిచి, వెనక్కి ఇచ్చేసింది. “వద్దు” అంది. ఇంజనీరు మళ్లీ మొదటినుంచి వివరించాడు. “వద్దంటే వద్దు” అంది. ఆయనకు ఆ రోజు రెండు మాటలు ఎక్కువే దక్కాయి. మీరు ఇంట్లో మనిషే కదా మేడమ్, మీరు చెబితే వింటారు అని నన్ను పట్టుకున్నాడు. నాకు నవ్వాగలేదు. మా ఆయన్ని కదిపితే, అడకత్తెరలో పోకచెక్కను చేయకండి నన్ను అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

చివరికి నేనే అడిగాను. అత్తయ్య పెరటి గట్టు మీద కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటోంది.

“ఎందుకొద్దంటున్నారు అత్తయ్యా? పోస్టులో వెళ్లేదే ఫోన్లో వెళ్తుంది. ఇన్నేళ్ల చదువు, మిషన్లో పడి పొడైపోతుంది.”

“పోస్టులో ఎవరికి వెళ్తుందో తెలుసు. ఫోన్లో ఎవరు వింటారో ఎవరికి తెలుసు?”

“ఎవరు వింటే ఏముంది? మంచి పుస్తకాలేగా.”

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని నా వైపు చూసింది. “నువ్వు వింటావా?” అంది.

నాకు చురుక్కుమంది. తొమ్మిదేళ్లుగా ఆవిడ డిస్కులు తుడుస్తూ ఒక్క పుస్తకం కూడా పూర్తిగా విన్న పాపాన పోలేదు నేను. అది ఎత్తిపొడుపే అనుకున్నాను. ఇంట్లో వినపడని గొంతు అక్కడెందుకు వినాలి అని నోటిదాకా వచ్చింది, మింగేసి లోపలికి వచ్చేశాను.

ఇంజనీరు ఊరుకోలేదు. ఆవిడ పుస్తకం ఒకటి ఇరవై మందికి ఫోన్లోకి పంపి చూద్దామన్నాడు. వాళ్లకు నచ్చిందని తెలిస్తే పెద్దావిడ మెత్తబడతారేమోనని ఆశ. పరీక్షకే కాబట్టి సంతకం అక్కర్లేదన్నాడు. అత్తయ్యకు చెప్పకుండా నేను సరేనన్నాను. అది తప్పే. ఏ పుస్తకం పంపాలో చూద్దామని రిజిస్టరు తిరగేసి ఆయన ఆశ్చర్యపోయాడు. అన్నిటికంటే ఎక్కువసార్లు ఇళ్లకు వెళ్లింది కథల పుస్తకం కాదు, ప్రయాణాల పుస్తకం కాదు, తేనెటీగల పెంపకం.

“మన శ్రోతల్లో ఇంతమంది తేనెటీగలు పెంచుతున్నారా మేడమ్?” అని అడిగాడు.

ఆ పుస్తకంతో నాకూ ఒక చిక్కు ఉండేది. మామూలుగా ఏ పుస్తకానికైనా మొదటి డిస్కు అరుగుతుంది, ఆఖరిది కొత్తదానిలా ఉంటుంది. జనం మధ్యలో విసిగి వదిలేస్తారు కాబట్టి. ఈ తేనెటీగలది తిరకాసు. ఆరు డిస్కుల్లో ఆరోదే అరిగి అరిగి వచ్చేది. నాలుగుసార్లు కొత్తది చేయించాను. తేనె తీసే అధ్యాయం అందులో ఉంది కదా, తేనె మీద ఆశ కాబోలు అని సరిపెట్టుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

ఫోన్లోకి పంపేముందు ప్రతి పుస్తకాన్నీ కంప్యూటరు తెర మీద కోయాలి. “ఒకటో డిస్కు అయిపోయింది, రెండోది పెట్టండి” లాంటి మాటలన్నీ తీసేయాలి. “ఇంతటితో ఈ పుస్తకం పూర్తయింది” అన్నదాని తరవాత ఏమున్నా కొట్టేయాలి. ఇదీ రూలు. మాట ఉన్నచోట తెర మీద గీతలు ఎత్తుగా లేస్తాయి, లేనిచోట పడుకుంటాయి. ఆరో డిస్కు చివర పధ్నాలుగు నిమిషాలు సన్నటి గీతలు కనిపించాయి. స్టూడియోలో ఫ్యాను చప్పుడేమో అనుకుని ఒక్క మీట నొక్కి కొట్టేశాను.

నాలుగో రోజు నుంచి ఫోన్లు. మొదట చేసింది టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ముప్పై ఏళ్లు ఊరందరి గొంతులూ కలిపిన మనిషి, మాట స్పష్టంగా ఉంటుంది. పుస్తకం అసంపూర్తిగా వచ్చిందన్నాడు. లేదండీ, తేనె తీయడం, సీసాలకు ఎత్తడం, అన్నీ ఉన్నాయి, నేనే చూశాను అన్నాను.

“తేనె సంగతి నాకెందుకమ్మా? ఆ తరవాత ఆవిడ మాట్లాడింది ఏది?”

“ఆ తరవాత ఏమీ లేదండీ.”

“ఎవరమ్మా మాట్లాడేది?”

డిస్పాచ్ గది అన్నాను.

“ఓ, కోడలు గారా. మోకాలు ఎలా ఉందమ్మా ఇప్పుడు?”

ఆ మధ్యాహ్నమే ఇంకో ఆవిడ చేసింది. ఆవిడా చివరి భాగం అడిగింది, ఆవిడా నా మోకాలి గురించి అడిగింది. పైగా, పొద్దున్నే చన్నీళ్లతో బట్టలు ఉతకడం మానుకున్నావా లేదా అని గదమాయించింది. వారం తిరిగేసరికి ఇరవై మందిలో పంతొమ్మిది మంది ఫిర్యాదు చేశారు. ఇరవయ్యో ఆయన ఇంకా పుస్తకం మధ్యలో ఉన్నాడు.

మొదటి రెండు ఫోన్లు అయిన రోజే డిస్పాచ్ గది తలుపు దగ్గరకు వేసి, ఆరో డిస్కును పాత ప్లేయర్లో పెట్టాను. ముందుకు జరుపుకుంటూ చివరికి వెళ్లాను. ఇంతటితో ఈ పుస్తకం పూర్తయింది, అంది అత్తయ్య. తరవాత కుర్చీ కదిలిన చప్పుడు. తరవాత అదే గొంతు, కానీ పుస్తకం చదివే గొంతు కాదు, మైకుకు కొంచెం దూరం జరిగి, తగ్గించి మాట్లాడుతున్న గొంతు.

“ఇంకా పధ్నాలుగు నిమిషాలు చోటుందంటున్నారు సౌండ్ మాస్టారు. ఎప్పటిలాగే కాసేపు మాట్లాడతాను. ఇవాళ నాకు చదవాలని లేదు, అయినా వచ్చాను. మా కోడలికి ఏడో నెలలో బిడ్డ పోయింది. ఆడపిల్ల. ఇంటికొచ్చి మూడు రోజులైంది, గోడవైపు తిరిగి పడుకునే ఉంది. నేను మూడుసార్లు గుమ్మం దాకా వెళ్లాను. నోరు తెరిస్తే ఏడుపొచ్చేట్టుంది. పెద్దదాన్ని, నేనే ఏడిస్తే అది ఎవర్ని పట్టుకుని ఏడుస్తుంది? అందుకని వెనక్కి వచ్చేశాను. ఇంట్లో ఏడవడానికి చోటు లేక ఇక్కడికొచ్చాను. మీకు నా మొహం కనిపించదు, నాకు మీరు కనిపించరు. మీకైతే చెప్పగలను.”

ఆ తరవాత చాలాసేపు ఫ్యాను తిరిగిన చప్పుడే. డిస్కు అయిపోయిందేమో అనుకున్నాను.

“పాపకి జుట్టుంది. ఒత్తుగా, నల్లగా. నేను చూశాను. నన్నే పిలిచి చూపించారు, దానికి చూపించలేదు. జుట్టుందని దానికి చెప్పాలి. ఎలా చెప్పను?”

నేను బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. పదకొండేళ్ల ఏడుపు కదా, అంత తొందరగా ఆగలేదు. గుడ్డ సంచులన్నీ తడిసిపోయాయి. నా బిడ్డకు జుట్టుందని చూపు లేని ఇన్ని వందల మందికి తెలుసు, నాకు తెలియదు. కోపం రావాలి నిజానికి. రాలేదు. గుమ్మం దాకా మూడుసార్లు వచ్చి వెనక్కి వెళ్లిన మనిషే కళ్లముందు మెదులుతోంది. నేను అటు తిరిగి పడుకుని చూడలేదు. ఒక్కసారి ఇటు తిరిగి ఉంటే, ఏం జరిగేదో.

అప్పుడు అర్థమైంది “నువ్వు వింటావా” అని ఆవిడ ఎందుకు అడిగిందో. అది ఎత్తిపొడుపు కాదు, భయం.

మరునాడు, అప్పట్లో రికార్డింగు చూసుకుని ఇప్పుడు రిటైరైన సౌండ్ మాస్టారికి ఫోను చేసి అడిగాను. ఆయన నవ్వాడు. డిస్కులో చివర చోటు మిగిలితే వృథాగా పోనివ్వడం మీ అత్తగారికి ఇష్టం ఉండేది కాదు, నేనూ ఆపలేదు, నేను విన్నానని మాత్రం ఎవరికీ చెప్పలేదు అన్నాడు. అన్ని పుస్తకాలకూ అలా ఉన్నాయా అంటే, చోటు మిగిలినవాటికల్లా ఉన్నాయన్నాడు. అరల నిండా ఉన్న డిస్కులను చూశాను. ఎన్నిట్లో నా గురించి ఉందో. తీసి వినమని చెయ్యి లాగింది, మనసు ఒప్పలేదు. ఒకసారి ఆవిడకు చెప్పకుండా చేసిన పని చాలు.

రెండు రోజులు ఆవిడకు చెప్పే ధైర్యం చాలలేదు. మూడో రోజు సాయంత్రం అత్తయ్య ఆరిన బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కూర్చున్నాను.

“అత్తయ్యా, తేనెటీగల పుస్తకం పరీక్షకని ఫోన్లోకి పంపాం. మీకు చెప్పలేదు. చివర నేనే కోసేశాను.”

ఆవిడ చేతిలో తువ్వాలు ఆగింది. “విన్నావా?”

“విన్నాను.”

ఆవిడ తువ్వాలును మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. “మిగతావి?”

“లేదు. అదొక్కటే. మీరు వినమంటే తప్ప వినను. కావాలంటే అన్నిట్లోనూ చివర్లు కోసేసి, పుస్తకాల వరకే పంపుతాను. తెర మీద గీతలు చూసి కోయొచ్చు, వినక్కర్లేదు.”

ఆవిడ తువ్వాలును పక్కన పెట్టి ఇంకో బట్ట అందుకుంది. మూడు మాటల కోటా ఈ రోజుకు అయిపోయింది కాబోలు అనుకుని లేవబోయాను.

“కూర్చో” అంది. “కొయ్యకు. ఎవరు వింటారని ఇన్నాళ్లూ భయపడ్డానో ఆ మనిషే వినేసింది. ఇంక లోకమంతా వింటే మాత్రం నాకేంటి? ఆ కాగితం ఎక్కడుందో తే.”

తెచ్చాను. గుండ్రంగా, స్కూలు పిల్లలా, తన పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టింది. పాప గురించి అడగాలని నా ప్రాణం కొట్టుకుపోతోంది. అడగకుండానే కాగితం మడిచాను. ఆవిడా ఏదో అనబోయి, బట్టల బొత్తి ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. అత్తాకోడళ్లం పదకొండేళ్లు చేసుకున్న అలవాటు ఒక పూటలో ఎక్కడ పోతుంది?

చివర్లు ఉంచాలంటే ఇంజనీరు ముందు నసిగాడు, రూలు ఒప్పుకోదన్నాడు. పంతొమ్మిది ఫిర్యాదులూ వరసగా రాసి ముందు పెట్టాను. చదివి, తల గోక్కుని, పుస్తకం తరవాత విడిగా పెడదాం మేడమ్, కావాలన్నవాళ్లు వింటారు అన్నాడు. ఆ నెలంతా నూట నలభై పుస్తకాలూ ఒక్కొక్కటే ఎక్కించాను. చివర్ల దగ్గరకు వచ్చేసరికి చెవుల మీది హెడ్‌ఫోన్ తీసేసేదాన్ని. వినమని ఆవిడ ఇంకా అనలేదు.

వేసవి ఆఖరి వారంలో లారీ వచ్చింది. అరలు ఖాళీ అయ్యాయి. తొమ్మిదేళ్లు తుడిచిన డిస్కులు గోనెసంచుల్లో గలగలమంటూ వెళ్లిపోయాయి. పోస్టుమాస్టరు గారు స్వయంగా వచ్చి, ఇక మీ సంచులు రావా అని అడిగి వెళ్లాడు.

ఆ మధ్యాహ్నమే అత్తయ్య కొత్త పుస్తకం ముగించాల్సి ఉంది. సౌండ్ మాస్టారు లేడు కాబట్టి మీటల దగ్గర నేనే కూర్చున్నాను. మా ఇద్దరి మధ్యా అద్దం. నా చెవుల మీద హెడ్‌ఫోన్. ఒక పుస్తకాన్ని ఆవిడ నోటివెంట అంతసేపు వినడం నాకు అదే మొదలు. జనం చెప్పింది అబద్ధం కాదు, కిటికీ పక్కన కూర్చుని నాకోసమే చెబుతున్నట్టుంది.

ఆఖరి పేజీ తిప్పింది. ఇంతటితో ఈ పుస్తకం పూర్తయింది, అంది. అలవాటు కొద్దీ అద్దంలోంచి నా వైపు చూసి అడిగింది:

“ఎన్ని నిమిషాలు మిగిలాయి?”

నేనూ తెలియకుండానే వెతికాను. తెర మీద అంకె ఏదీ లేదు.

“మిగలడమంటూ లేదు అత్తయ్యా. డిస్కు లేదుగా. ఎంతసేపైనా మాట్లాడొచ్చు.”

ఆవిడ మైకు వైపు చూసింది, నా వైపు చూసింది. మైకు ముందుకు వంగి, మళ్లీ వెనక్కి జరిగింది.

“ఎంతసేపైనా అయితే ఇక్కడెందుకు? ఆపెయ్. ఇంటికెళ్దాం పద” అంది.

ఆపేశాను. దీపాలు ఆర్పి, తాళం వేసి, ఆవిడ సంచి నేను అందుకున్నాను. ఇల్లు చేరేదాకా కూడా ఆగలేదు. మెట్లు దిగుతూ నా మోచెయ్యి పట్టుకుని, “పాప నుదురు అచ్చం నీదే” అంది.